బాల్ సూసి ఆడ్రా: ఒక ప్రకటన వాక్యానికి వ్యాఖ్యానం

మూలం: «కంటి కండరాలకు బలమిచ్చి, చూపు పదును, లోతు అంచనా, అంచు చూపు, స్పందన వేగం పెంచే శిక్షణతో యువ క్రీడాకారుల ఆటను మెరుగుపరుస్తాం.»

ఈ వాక్యం ఏ ఒక్క సంస్థదీ కాదు. ఆటగాళ్ళకు దృష్టి శిక్షణ అమ్మేవాళ్ళు దేశదేశాల్లో చెప్పే మాటల్ని నేనే ఒక్కచోట కూర్చాను. ఎక్కడో నగరంలో పుట్టిన ఇలాంటి మాట ఇప్పుడు కడప జిల్లా వేంపల్లెలో పిల్లల్ని క్రికెట్‌కో బ్యాడ్మింటన్‌కో పంపే ఇళ్ళ ఫోన్లలోకీ వస్తోంది. రావడానికి అదును కూడా కుదిరింది. దగ్గర్లోని వీరపునాయునిపల్లె మండలం నుంచి వెళ్ళిన శ్రీచరణి 2025 నవంబరు 2న నవీ ముంబైలో మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో ఉంది, ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఆడపిల్లను గ్రౌండుకు పంపడం వింత కాకుండా పోయింది. పంపేవాళ్ళు డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుసుకోవాలి కాబట్టి వాక్యాన్ని మాటమాటగా విప్పుతున్నాను. పాత వ్యాఖ్యాతలు చేసినట్టే అన్వయం కోసం వరస కాస్త మార్చి, «యువ» అన్న మాటను చివరికి ఉంచుతాను.

కంటి కండరాలకు బలమిచ్చి – ఒక్కో కంటిని తిప్పడానికి బయట ఆరు కండరాలు ఉన్నాయి. కనుగుడ్డు బరువుకు వాటి బలం అవసరానికి మించే ఉంటుంది. పిల్లవాడికి బోర్డు మీది అక్షరం మసకగా కనబడుతోందంటే సాధారణంగా కనుగుడ్డు పొడవు పెరిగి, బొమ్మ రెటీనా మీద పడకుండా ముందే పడుతోందని అర్థం. పెరిగిన గుడ్డును ఏ కసరత్తూ పొట్టి చేయలేదు. దానికి కండరాల వ్యాయామం చెప్పడం బోరులో నీళ్ళు లేకపోతే మోటారు హెచ్‌పీ పెంచినట్టు. ఈ భ్రమకు వయసు వందేళ్ళు దాటింది. అమెరికా కంటి వైద్యుడు విలియం బేట్స్ 1920లో కళ్ళద్దాలు లేకుండానే చూపు తెప్పిస్తానని పుస్తకం రాశాడు. కంటి లోపలి కటకం ఫోకస్ చేయడంలో పాలుపంచుకోదని వాదించాడు. అది తప్పని శాస్త్రం తేల్చినా అరచేతులతో కళ్ళు మూసుకోవడం, కనుగుడ్లు గుండ్రంగా తిప్పడం వీడియోల్లో ఇంకా బతికే ఉన్నాయి.

అయితే ఒక మినహాయింపు ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. దగ్గరి వస్తువును చూసేటప్పుడు రెండు కళ్ళూ లోపలికి తిరిగి ఒకేచోట కలవాలి. కొందరు పిల్లలకు అది సరిగా కుదరదు. చదువుతుంటే అక్షరాలు రెండుగా కనబడతాయి, తలనొప్పి వస్తుంది. అమెరికాలో 9 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 221 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. నిపుణుల దగ్గర 12 వారాలు కంటి వ్యాయామం చేసినవాళ్ళలో 73 శాతం మందికి నయమో, మెరుగో అయింది. ఉత్తుత్తి వ్యాయామం చేసినవాళ్ళలో అది 35 శాతమే. అంటే జబ్బు ఉన్నచోట వ్యాయామం మందులా పనిచేస్తుంది. జబ్బు లేని బౌలర్‌కు అదే వ్యాయామం చేయిస్తే ఇంకో వికెట్ పడుతుందని ఆ పరీక్ష ఎక్కడా చెప్పలేదు.

చూపు పదును – 6 మీటర్ల దూరం నుంచి ఒక కన్ను మూసి అక్షరాల పలక చదివించడం డచ్చి వైద్యుడు స్నెలెన్ 1862లో పెట్టిన పద్ధతి. 6/6 అనే మాట అక్కడిదే. ఇది కదలని అక్షరాన్ని కదలని మనిషి చదివే కొలత. మైదానంలో రెండూ కదులుతుంటాయి కాబట్టి కదిలే వస్తువును గుర్తించే పదును వేరేగా కొలవాలని క్రీడాదృష్టి నిపుణులు అంటారు. నిజమే. కానీ ఆ పదును ఎంత ఉండాలి అనేదే చిక్కు ప్రశ్న.

డాన్ బ్రాడ్‌మన్ టెస్టు సగటు 99.94 అని క్రికెట్ తెలిసిన ప్రతివాడూ చెబుతాడు. 1940లో సైన్యంలో చేరినప్పుడు చేసిన కంటి పరీక్షలో ఆయన చూపు బాగాలేదని తేలిన సంగతి మాత్రం అంతగా చెప్పుకోరు. యుద్ధం ముగిశాక వచ్చి అదే కళ్ళతో మళ్ళీ సెంచరీలు కొట్టాడు. 2007లో ఆస్ట్రేలియాలో డేవిడ్ మాన్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. మంచి చూపున్న క్రికెటర్ల కళ్ళకు మసక పుట్టించే కాంటాక్ట్ లెన్సులు పెట్టి, మెషీన్ విసిరే బంతులకు బ్యాటింగ్ చేయించింది. ఒక పవర్ మసకకు తేడా లేదు, రెండు పవర్లకూ లేదు, మూడు పవర్లకు వెళ్ళాకే ఆట దిగజారింది. 6/6 ఉన్నవాడికి ఇంకా పదును పెంచుతామని రుసుము అడిగేవాళ్ళకు ఈ ఒక్క ప్రయోగం చాలా ఇబ్బందికరం.

ఇది చదివి మా వాడికి అద్దాలు అక్కర్లేదు అనుకునే తండ్రికి ఇక్కడే అడ్డుపడాలి. ఆ క్రికెటర్లు ఏళ్ళ తరబడి స్పష్టమైన చూపుతో ఆట నేర్చి, ఆ తర్వాత మసక పెట్టించుకున్నవాళ్ళు. మసకలోనే ఆట మొదలుపెట్టిన పదేళ్ళ పిల్లకు బౌలర్ వేళ్ళ పట్టు, బంతి కుట్టు, మధ్యాహ్నపు ఎండలో పైకి లేచిన క్యాచ్ ఎలా ఉంటాయో తెలిసే అవకాశమే లేదు. పిల్ల తనంతట తాను చెప్పదు కూడా. లోకం అందరికీ అలాగే కనబడుతుందని అనుకుంటుంది. లేటుగా బ్యాట్ దించుతుంటే సారు బద్ధకం అనుకుంటాడు, క్యాచ్ వదిలితే భయం అంటాడు. 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ కంటి వెలుగు పథకం తొలి విడతలో దాదాపు 70 లక్షల బడిపిల్లల కళ్ళు చూడాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఆట విషయంలో నా లెక్క ప్రకారం రాయలసీమలో జరిగిన అతి పెద్ద దృష్టి శిక్షణ అదే, ఆ పేరు దానికి ఎవరూ పెట్టకపోయినా. మిగిలిన అడ్డంకి ఇంట్లో ఉంది. అమ్మాయికి అద్దాలు రాస్తే అవి బీరువాలోకి పోతాయి. పెళ్ళి కాదేమోనన్న భయం పదేళ్ళ ముందే మొదలవుతుంది.

పదునుతో పాటు చెప్పాల్సింది రంగుల తేడా. ఎర్రమట్టి నేల మీద, నాలుగు మ్యాచులు ఆడి మట్టిరంగుకు తిరిగిన తోలు బంతిని వెతకడం ఎవరి కళ్ళకైనా పరీక్షే. టెన్నిస్ బంతి 1972లో పసుపుపచ్చగా మారింది టీవీలో కనబడడం కోసం, ఆటగాళ్ళకూ అది కలిసొచ్చింది. పెద్ద మైదానాల్లో బౌలర్ చేతి వెనక తెల్ల తెర ఉంటుంది. మన మ్యాచుల్లో ఆ చోట బైకులు, వాటి మీద కూర్చున్న జనం, ఒక్కోసారి దారి తప్పిన బర్రె. రెండు కర్రలు పాతి తెల్ల గుడ్డ కట్టి, జనాన్ని పక్కకు జరిపితే ఆ పూట జట్టు మొత్తం చూపు బాగవుతుంది.

లోతు అంచనా – రెండు కళ్ళ మధ్య సుమారు ఆరు సెంటీమీటర్ల ఎడం. ఒక్కో కంటికీ కొంచెం తేడాగా కనబడే బొమ్మల్ని మెదడు కలిపి దూరం లెక్కగడుతుంది. ఇదొక్కటే దారి అయితే మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ టెస్టు క్రికెట్ ఆడి ఉండేవాడు కాదు. 1961 జులైలో ఇంగ్లండ్‌లోని హోవ్ దగ్గర కారు ప్రమాదంలో ఆయన కుడికంటి చూపు దాదాపు పోయింది. కొన్ని నెలలకే హైదరాబాదులో ఎంసీసీ జట్టు మీద బ్యాటింగ్‌కు దిగాడు. కాంటాక్ట్ లెన్సు పెట్టుకుంటే పక్కపక్కనే రెండు బంతులు కనబడ్డాయి. లోపలి బంతిని ఎంచుకుని ఆడాడు, తర్వాత లెన్సు తీసేసి, చెడిన కన్ను మూసుకుని 70 పరుగుల దాకా వెళ్ళాడు. ఆడిన 46 టెస్టులూ, 2,793 పరుగులూ, ఆరు సెంచరీలూ ఆ ప్రమాదం తర్వాతివే. తర్వాత రంజీల్లో హైదరాబాదుకే ఆడాడు.

దూరానికి రెండు కళ్ళ తేడా కన్నా వేరే గుర్తులు ముఖ్యం. వచ్చే బంతి పరిమాణం పెరిగే వేగం ఒక కంటికీ తెలుస్తుంది, నేల మీది నీడ చెబుతుంది, ఇన్నేళ్ళ అనుభవం చెబుతుంది. పటౌడీ కథను ఒంటికన్నుతోనైనా ఆడొచ్చనే ధైర్యానికి వాడడం నాకు నచ్చదు. రెండు కళ్ళతో ఇంకెంత ఆడేవాడో అనే బాధ ఆయన ఆట చూసినవాళ్ళు చివరిదాకా చెప్పుకున్నారు. పిల్లల్లో ఒక కన్ను మందగించడాన్ని ఏడెనిమిదేళ్ళ లోపు పట్టుకుంటే బాగుచేయడం తేలిక, తర్వాత కష్టమవుతూ పోతుంది. లోతు అంచనా పెంచే సాధనాల కన్నా ఒకటో తరగతిలో ఒక్కో కన్నూ మూయించి చూసే టీచరమ్మ ఎక్కువ మేలు చేస్తుంది.

అంచు చూపు – దీని మీద ఎక్కువ చెప్పడానికి లేదు. రెటీనా అంచు కదలికను బాగా పట్టుకుంటుంది, వివరాన్ని పట్టుకోదు. ఆ వైశాల్యాన్ని శిక్షణ పెంచదు, గమనించే అలవాటును పెంచగలదు. కూతకు వెళ్ళినవాడు ఎదురుగా ఉన్నవాడి కాళ్ళు చూస్తూనే మూలల్లో గొలుసు కదిలిందని పసిగట్టేది ఈ అలవాటుతోనే. అది కబడ్డీ బరిలోనే వస్తుంది. గోడకు తగిలించిన దీపాల పలకతో వచ్చేది దీపాలు నొక్కే నేర్పు.

స్పందన వేగం – వాక్యం మొత్తంలో బరువైన మాట ఇది, తప్పుగా అర్థమైన మాట కూడా ఇదే. గంటకు 130 కిలోమీటర్ల బంతి చేయి వదిలి బ్యాటర్‌ను చేరడానికి సుమారు అర సెకను పడుతుంది. మంచి లెంగ్త్‌లో నేల తాకాక మిగిలేది అందులో చిన్న ముక్క. గొప్ప బ్యాటర్లకు పుట్టుకతోనే మెరుపు స్పందన ఉంటుందని మనం అనుకుంటాం. పీటర్ మెక్లియడ్ 1987లో దీన్ని పరీక్షించాడు. మ్యాట్ కింద కట్టెలు పెట్టి బంతి అనుకోకుండా పక్కకు తిరిగేలా చేశాడు. అంతర్జాతీయ బ్యాటర్లకు కూడా ఆ మలుపు చూసి బ్యాట్ మార్చడానికి సెకనులో అయిదో వంతు దాకా పట్టింది. మామూలు మనుషులకు పట్టేదీ అంతే.

మరి తేడా ఎక్కడుంది? మైకేల్ ల్యాండ్, మెక్లియడ్ కలిసి 2000లో ప్రచురించిన పరిశోధనలో బ్యాటర్ల తలకు కెమెరా పెట్టి కళ్ళు ఎటు పోతున్నాయో చూశారు. బంతి విడుదలయ్యే క్షణంలో చూపు దాని మీద ఉంది. కాసేపటికి చూపు బంతిని వదిలేసి, అది నేల తాకబోయే చోటికి ఒక్క గెంతు గెంతి, అక్కడ బంతి రాక కోసం కాచుకుంది. ఆట బాగా వచ్చినవాడి గెంతు ముందే పడింది, అంతగా రానివాడిది ఆలస్యమైంది. కన్ను ఒక వస్తువును సాఫీగా వెంటాడగలిగేది సెకనుకు సుమారు 100 డిగ్రీల వరకే. దగ్గరికొచ్చిన వేగపు బంతి ఆ హద్దును ఎన్నో రెట్లు దాటిపోతుంది.

జిల్లా పరిషత్ హైస్కూలు గ్రౌండులోనైనా, పాపాఘ్ని ఎండిన ఇసుకలోనైనా వినబడే కోచింగ్ అంతా ఒక్క మాటే: «బాల్ సూసి ఆడ్రా!» పై ప్రయోగాన్ని పట్టి చూస్తే బంతిని ఆసాంతం చూసినవాడు లేడు. ఆ మాట తప్పని దీని అర్థం కాదు, దానికి వివరణ కావాలి. ఎప్పుడు చూడాలి? చేయి వదిలేటప్పుడు. ఎక్కడ చూడాలి? మొదట మణికట్టు దగ్గర, ఆపైన పడే చోట. «తల కదపొద్దు» అనే ఇంకో మాటకూ సవరణ వచ్చింది. మాన్ బృందం 2013లో చూపించిన దాని ప్రకారం మేటి బ్యాటర్ల తల బిగుసుకుని ఉండదు, బంతితో పాటే తిరుగుతుంది.

చేతిని చదవడం అన్ని వేగపు ఆటలకూ ఉన్నదే. సర్వీసు వీడియోను బంతి తాకకముందే ఆపేసి, ఎటు పోతుందో చెప్పమని టెన్నిస్ ఆటగాళ్ళను 1978లోనే అడిగారు. మంచి ఆటగాళ్ళు కొత్తవాళ్ళ కన్నా బాగా చెప్పారు. 1987లో బ్రూస్ అబర్నెథీ, డేవిడ్ రస్సెల్ బ్యాడ్మింటన్ మీద ఇదే చేస్తే, కొత్తవాళ్ళు రాకెట్‌ను మాత్రమే చదువుతున్నారని, నిపుణులు దానికన్నా ముందు కదిలే చేతిని కూడా చదువుతున్నారని తేలింది. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో జపాన్‌లో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్లు, గిన్నిస్ రికార్డు. షటిల్ ఈకల వల్ల గాలిలో వేగం పడిపోయినా, అలాంటి దెబ్బను తీసేవాడు షటిల్‌ను చూసి కదలడం మొదలుపెడితే పని అయిపోతుంది. శ్రీచరణి ఎడమచేతి స్పిన్నర్, ఆమె బంతికి వేగపు బెదురు లేదు. అయినా 2025 జూన్‌లో నాటింగ్‌హామ్‌లో ఆమె తొలి అంతర్జాతీయ టీ20లో 12 పరుగులకు 4 వికెట్లు పడ్డాయి. ఇంగ్లండ్ బ్యాటర్లకు ఆ చెయ్యి కొత్త. అదొక్కటే కారణమని అనను, అదీ ఒక కారణం కాకుండా పోదు.

ఇందులో వేంపల్లెకు అనుకూలమైన మాట ఒకటి ఉంది. బౌలింగ్ మెషీన్‌కు చెయ్యి లేదు. దాని ముందు గంటలు గడిపిన పిల్లవాడికి షాట్ వస్తుంది, చేతిని చదవడం రాదు. మెషీన్ కొనలేని మన గ్రౌండులో పిల్లలు సాయంత్రమంతా రకరకాల చేతుల్ని ఎదుర్కొంటారు: పక్కచేతి వాటం, తిప్పి వేసేవాడు, విసిరేవాడు, ఎడమచేతివాడు. పీఈటీ సారు దానికి ఒక్క ఫోన్ జోడిస్తే చాలు. బ్యాటర్ నిలబడే చోటు నుంచి బౌలర్లను వీడియో తీసి, బంతి చేయి వదలగానే ఆపి, «ఏ బాలు? యాడ పడ్తాది?» అని అడగాలి. జవాబు చెప్పించాక మిగతా వీడియో ఆడించాలి. ఈ పద్ధతికి పరిశోధనల్లో ఉన్నంత మద్దతు దీపాల పలకలకు లేదు.

శిక్షణతో – ఇక్కడ సరుకు చూడాలి. కన్ను కొట్టినట్టు తెరుచుకుని మూసుకునే స్ట్రోబ్ కళ్ళద్దాలు, మెరిసే పలకలు, కంప్యూటర్ ఆటలు. అబర్నెథీ, జొవాన్ వుడ్ 2001లో వీటి పూర్వీకుల్ని పరీక్షకు పెట్టారు. రెండు గుంపులకు బజారులో దొరికే కంటి శిక్షణ పద్ధతులు నాలుగు వారాలు ఇచ్చారు, ఒక గుంపుకు టెన్నిస్ గురించి చదవడం, చూడడం మాత్రమే ఇచ్చారు, ఇంకో గుంపుకు ఆట సాధన తప్ప ఏమీ ఇవ్వలేదు. చివరికి అందరూ ఒకే తీరుగా మెరుగయ్యారు.

అవతలి పక్షాన గట్టిగా చూపించేది అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయం బేస్‌బాల్ జట్టు. కంటి శిక్షణ తర్వాత జట్టు బ్యాటింగ్ సగటు 2010లోని .251 నుంచి 2011లో .285కు ఎక్కింది. పెరుగుదల చిన్నది కాదు. అయితే అదే జట్టులో శిక్షణ ఇవ్వకుండా పక్కన పెట్టి పోల్చిన గుంపు లేదు. ఏడాదిలో పిల్లలు ఎదుగుతారు, కొత్తవాళ్ళు వస్తారు, పిచర్లు మారతారు. స్ట్రోబ్ అద్దాల మీద కొన్ని చిన్న పరిశోధనలు ఆశ చూపించాయి, తుది తీర్పు రాలేదు. మూర్ఛ ఉన్న పిల్లలకు మిణుకు వెలుతురు ప్రమాదమని మాత్రం అమ్మేవాళ్ళే ముందు చెప్పాలి.

చూపును ఒకచోట నిలపడం మీద జోన్ వికర్స్ చేసిన పని నాకు ఎక్కువ నమ్మకంగా కనబడుతుంది. కెనడాలోని కాల్గరీ నుంచి 1996లో ఆమె చూపించింది ఇది: బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రోలో గురి తగిలేవాళ్ళ చూపు, చేయి కదలకముందే రింగు మీద ముందుగా కుదురుకుని ఎక్కువసేపు నిలుస్తుంది. విలువిద్యకు, షూటింగ్‌కు, వాలీబాల్ సర్వీసుకు ఇది నేరుగా పనికొస్తుంది. ఈ మాట చెప్పగానే ద్రోణుడి పరీక్ష గుర్తొస్తుంది, ప్రకటనల్లో అర్జునుడి బొమ్మ వేస్తారు కూడా. ఆ పక్షి శిల్పులు చేసి చెట్టు మీద పెట్టిన బొమ్మ, ఎగరదు. కదలని గురికి ఆ చూపు సరే. పక్షి తల తప్ప ఏమీ కనబడని ఫీల్డరు మాత్రం పక్కవాణ్ణి గుద్దుకుంటాడు.

మెరుగుపరుస్తాం – ఏది మెరుగు? ఒక యాప్ కథ చెబితే చాలు. కాలిఫోర్నియాలో 2014లో బేస్‌బాల్ ఆటగాళ్ళ మీద పరిశోధనతో పేరొచ్చిన అల్టిమైజ్ అనే యాప్ చూపును పెంచుతుందని, ఆటలోనూ డ్రైవింగులోనూ పనికొస్తుందని ప్రచారం చేసుకుంది. ఆ ప్రచారానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంటే 2015లో కంపెనీ 1,50,000 డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. యాప్‌లో స్కోరు పెరగడం యాప్ ఆటలో మెరుగు. రుసుము కట్టే తల్లి అడగాల్సింది గ్రౌండులో లెక్క: పట్టిన క్యాచులెన్ని, వదిలినవెన్ని, శిక్షణ తీసుకోని పక్క పిల్లకు అదే కాలంలో ఎంత పెరిగింది.

యువ క్రీడాకారుల – పెద్దవాళ్ళ శిక్షణను పొట్టి సైజులో కుట్టి పిల్లలకు తొడగడం ఈ రంగంలో మామూలైంది. పిల్ల కన్ను ఇంకా పెరుగుతున్న కన్ను. చైనాలోని గ్వాంగ్‌ఝౌ బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజుకు అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టారు. మూడేళ్ళకు హ్రస్వదృష్టి వచ్చినవాళ్ళు ఆ బడుల్లో 30.4 శాతం, మిగతా బడుల్లో 39.5 శాతం అని 2015లో తేలింది. ఆట కోసం చూపు అని అమ్ముతున్నారు కానీ చూపు కోసం ఆట అన్నదానికే రుజువు గట్టిగా ఉంది. పీఈటీ పీరియడ్‌ను లెక్కల సారుకు అప్పగించే బడులు దీన్ని పట్టించుకుంటే బాగుండు.

ఒక్క ఆటకే చిన్నప్పుడే కట్టేయడం కూడా అవసరం లేదు. శ్రీచరణి అథ్లెటిక్స్, కబడ్డీ, బ్యాడ్మింటన్ అన్నీ ఆడి, పదహారేళ్ళ ప్రాయంలో గానీ క్రికెట్‌ను గట్టిగా పట్టుకోలేదు. షటిల్‌ను, మనిషిని, బంతిని వేరువేరుగా చదివిన కళ్ళవి.

ఉన్న కన్ను కాపాడుకోవడం «యువ» అన్న మాటకు చివరి అర్థం. బిళ్ళంగోడులో ఎగిరొచ్చే బిళ్ళ, చీపురుపుల్లల బాణాలు, దీపావళి టపాకాయలు మన దగ్గర పిల్లల కళ్ళు పోగొట్టే పాత శత్రువులు. అద్దాలు పెట్టుకునే పిల్లలు గాజు అద్దాలతో ఆడకూడదు. పగలని పాలీకార్బనేట్ అద్దాలు, వెనక బిగించే పట్టీ కావాలి. కబడ్డీకి అవీ పనికిరావు, అక్కడ డాక్టరును అడిగి తోవ చూసుకోవాలి. కాంటాక్ట్ లెన్సులు పెద్ద పిల్లలకు కుదరొచ్చు. దుమ్ము రేగే గ్రౌండులో, మట్టి చేతులతో, కొళాయి నీళ్ళతో వాటిని కడిగితే కంటికి పుండు తెచ్చుకున్నట్టే. పెరిగే వయసులో పవర్ మారుతూ ఉంటుంది కాబట్టి ఏడాదికొకసారైనా మళ్ళీ పరీక్ష చేయించాలి. ఆరో తరగతిలో రాసిచ్చిన అద్దాలతో పదో తరగతి పిల్ల బ్యాటింగ్‌కు దిగుతుంటే, ఆ ఇంటివాళ్ళు ముందు వెళ్ళాల్సింది కంటి డాక్టరు దగ్గరికి, శిక్షణ కేంద్రానికి కాదు.